అంతర్జాతీయ విద్యార్థుల వసతి: బర్కిలీ ఇంటర్నేషనల్ హౌస్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పరదేశంలో చదువుకొనే విద్యార్థి వసతిని సాధారణంగా గదుల సంఖ్యగానూ, అద్దె లెక్కగానూ చూస్తారు. పక్క గదిలో ఎవరు ఉండాలన్నది అంతకన్నా మౌలికమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఒక కట్టడం ద్వారా సమాధానం చెప్పిన కాలిఫోర్నియాలోని బర్కిలీ ఇంటర్నేషనల్ హౌస్ ఆవిర్భావాన్ని, పద్ధతిని, పరిమితిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విద్యార్థి వసతి, ఇంటర్నేషనల్ హౌస్, బర్కిలీ, జాతివివక్ష, తెలుగు విద్యార్థులు.

1. నేపథ్యం:

ఈ ఆలోచనకు మూలం న్యూయార్కులో ఉంది. 1909లో వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తున్న హ్యారీ ఎడ్మండ్స్ కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్ల మీద ఎదురైన ఒక చైనా విద్యార్థిని మామూలుగా పలకరించారు. తాను నగరానికి వచ్చి మూడు వారాలయిందనీ, తనతో మాట్లాడిన మొదటి మనిషి ఆయనేననీ ఆ విద్యార్థి బదులిచ్చాడు. సంస్థ తన పుట్టుక గురించి చెప్పుకొనే ఈ సంఘటన కాలక్రమంలో కొంత మెరుగులు దిద్దుకొని ఉండవచ్చు. ఆ తరువాతి పరిణామాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఎడ్మండ్స్ దంపతులు ఆదివారం సాయంత్రాలు విదేశీ విద్యార్థులను తమ ఇంటికి భోజనానికి పిలవసాగారు. ఆ పంక్తి పెరిగి ఒక సంఘమైంది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఆర్థిక సహకారంతో 1924లో న్యూయార్కు ఇంటర్నేషనల్ హౌస్ ప్రారంభమైంది. 1930లో బర్కిలీ, 1932లో షికాగో, 1936లో పారిస్ భవనాలు దానిని అనుసరించాయి.

2. స్థలనిర్ణయంలోని ఉద్దేశం:

ఈ నాలుగింటిలో బర్కిలీ భవనం స్థలనిర్ణయం ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఆనాటి కాలిఫోర్నియాలో ఆసియావాసుల పట్ల వైరం చట్టరూపం దాల్చి ఉంది. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు వ్యవసాయభూమి కొనరాదని 1913లో ఆ రాష్ట్రం శాసనం చేసింది. భారతీయులు కూడా ఆ అనర్హుల కోవలోకే వస్తారని 1923లో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విద్యార్థి అద్దెకు తీసుకొనే గదికి ఈ చట్టాలు నేరుగా వర్తించవు. కాని గది ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే ఇంటి యజమాని పీల్చిన గాలి అదే.

ఎడ్మండ్స్ ఎంచుకొన్న స్థలం పీడ్‌మాంట్ అవెన్యూ. గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఫ్రెటర్నిటీలు, సొరారిటీలు అనే విద్యార్థి సంఘాల నివాసాలు ఆ వీథిలోనే ఉండేవి. విదేశీయులకు, శ్వేతేతరులకు వాటిలో ప్రవేశం లేదు. ఊరి చివర చవకగా దొరికే స్థలంలో కట్టి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. వెలివేత కేంద్రీకృతమైన చోటనే దానిని ఎదుర్కోవాలని ఎడ్మండ్స్ భావించారు.

ప్రతిఘటన కూడా అంత తీవ్రంగానే వచ్చింది. ఎనిమిది వందలమందికి పైగా జనం సమావేశమై నిరసన తెలిపారు. పరదేశీయులు వెల్లువెత్తుతారన్నది వారి మొదటి భయం. వేర్వేరు జాతులవారు ఒకే భవనంలో ఉండటం రెండవ అభ్యంతరం. స్త్రీపురుషులు ఒకే కప్పు కింద నివసించడం మూడవది; మిసిసిపి నదికి పడమట అటువంటి విద్యార్థి నివాసం అంతకుముందు లేదు. ఓక్లండ్ ట్రిబ్యూన్ పత్రికలో రాసే నల్లజాతి రచయిత్రి డెలైలా బీస్లీ ఆ సభలో ఈ ఆలోచనను గట్టిగా సమర్థించారు. రాక్‌ఫెల్లర్ ఇచ్చిన 18 లక్షల డాలర్లతో, జార్జ్ కెల్‌హమ్ రూపకల్పనలో, గుమ్మటంతో కూడిన ఆ భవనం 1930 ఆగస్టులో తెరుచుకొంది.

3. రెండు వసతి పద్ధతులు:

బర్కిలీలో భారతీయ విద్యార్థుల వసతి 1930తో మొదలు కాలేదు. పంజాబీ రైతు జ్వాలాసింగ్, ఆయన సహచరులు 1912లో గురు గోవింద్ సింగ్ పేరిట విద్యార్థి వేతనాలు ఏర్పాటు చేసి, వచ్చిన విద్యార్థులు కలిసి ఉండటానికి బర్కిలీలో ఇల్లు చూశారు. పరాయిచోట తనవారు తనవారిని కాచుకొనే పద్ధతి ఇది. తెలుగు పాఠకునికి ఇది బాగా పరిచితమే. 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టలు వంటివి ఇటువంటి ఆలోచన నుండే పుట్టాయి. తలుపులు మూసుకొన్న లోకంలో ఈ పద్ధతి అవసరమైన రక్షణ. దీనిని సంకుచితమని తీసిపారేయడం చరిత్రకు న్యాయం చేయదు.

ఇంటర్నేషనల్ హౌస్ దీనికి భిన్నమైన మార్గం పట్టింది. అది విదేశీయులకు మాత్రమే పరిమితమైన వసతిగృహం కాదు; అమెరికన్ విద్యార్థులు కూడా అందులో నివసిస్తారు. ఈ ఒక్క నియమాన్ని తొలగిస్తే అది విదేశీయులను ఒక చోట చేర్చిన మరొక వాడ మాత్రమే అవుతుంది. గదులు చిన్నవి, ఉమ్మడి భోజనశాల పెద్దది. వంట ఎవరికివారు చేసుకొనే ఏర్పాటు కాకుండా, సహపంక్తి భోజనమే నిత్యకార్యక్రమంగా ఉండటం వల్ల పరిచయం ఐచ్ఛికం కాకుండా అలవాటైంది. ఎడ్మండ్స్ ఇంటి ఆదివారపు భోజనబల్లే భవనమంత విస్తరించిందని చెప్పవచ్చు.

ఈ భవనపు గోడలు సమకాలీన రాజకీయాలను అడ్డుకోలేకపోయాయి. 1942లో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారిని ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు విశ్వవిద్యాలయ విద్యార్థులూ వెళ్లవలసివచ్చింది. 1943 నుండి 1946 వరకు నౌకాదళం ఆ భవనాన్ని తన అవసరాలకు వాడుకొంది.

4. నేటి తెలుగు విద్యార్థి:

2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఏ ఇతర దేశం నుండీ అంతమంది లేరు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఇంటర్నేషనల్ హౌస్‌లో పట్టేది దాదాపు ఆరు వందలమంది. ఒక దాత ఉదారత మీద నిలిచిన నమూనా విస్తరణకు లొంగలేదన్నది దీని ప్రధాన పరిమితి.

ఎం.ఎస్. చదవడానికి వెళ్లే తెలుగు విద్యార్థుల్లో చాలామంది విశ్వవిద్యాలయ వసతిలో చేరరు. పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థులకు అక్కడ గదులు పరిమితం. భోజనంతో కలిపిన రుసుము భారం. అందుకే విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపులలో రూమ్మేట్లను వెదుక్కొని, బయట అపార్టుమెంటును పంచుకొంటారు. ఇంట్లో అన్నం, పప్పు వండుకోవచ్చు. అద్దె నలుగురికీ పంచితే తగ్గుతుంది. ఫలితంగా రెండేళ్ల చదువు ముగిసేదాకా ఇంట్లో తెలుగు తప్ప మరొక భాష వినిపించకపోవచ్చు. దీనిని విద్యార్థుల కలివిడిలేనితనంగా చిత్రించడం తరచు కనిపిస్తుంది. అది సరికాదు. 1912నాటి ఇంటిని నిర్ణయించినది వివక్ష అయితే, నేటి ఇంటిని నిర్ణయిస్తున్నది అద్దె.

ఈ అద్దె ఇంట్లో విశ్వవిద్యాలయం పాత్ర చాలా స్వల్పం. ప్రవేశం ఖరారయ్యాక అది ఇచ్చే ఐ-20 పత్రంలో జీవనవ్యయం అంచనా ఒక అంకెగా ఉంటుంది. ఆ అంకెకు గది వెదకవలసినది విద్యార్థే. కొత్తగా వచ్చినవానికి అమెరికాలో రుణచరిత్ర ఉండదు కనుక యజమాని ఎక్కువ అడ్వాన్సునో, స్థానికుడి పూచీకత్తునో అడగవచ్చు. నలుగురు కలిసి సంతకం చేసే ఒప్పందాలలో సాధారణంగా ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులే. ఒకరు ఉద్యోగం దొరికి మధ్యలో వేరే రాష్ట్రానికి వెళ్లిపోతే, ఆ వాటా మిగిలిన ముగ్గురి మీద పడుతుంది; ఆ నెలలోపు నాలుగవ మనిషిని వెదుక్కోవలసినదీ వారే.