విచారణకు ముందే ముగిసిన వ్యాజ్యం – ఖర్చుల భారం

వ్యాజ్యంలో ఓడినవాడు కచ్చేరిలో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని సామెత. గెలుపు దక్కినప్పటికీ ఖర్చు మిగిల్చిన బాధ తీరదని దీని భావం. మరి గెలుపోటములు తేలకముందే వ్యాజ్యం ముగిసిపోతే, అంతవరకు అయిన ఖర్చును ఎవరు భరించాలి?

సిద్దిపేట జిల్లా వర్గల్ మండలంలో ఇద్దరు రైతులకు పొలం గట్టు విషయమై తగాదా వచ్చిందనుకుందాం. ఒకరు గజ్వేల్ న్యాయస్థానంలో దావా వేశారు. దావా వేసిన రైతు వాది, రెండవవారు ప్రతివాది. వాది కోర్టు రుసుము చెల్లించాడు. ఇరువురూ న్యాయవాదులను నియమించుకొన్నారు. వాయిదాలకు తిరుగుతూ పనిదినాలు పోగొట్టుకొన్నారు. సాక్షుల విచారణ మొదలుకాకముందే దావా ముగిసింది.

సివిల్ వ్యాజ్యాల నడకను 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి నిర్దేశిస్తుంది. దాని 35వ సెక్షన్ ప్రకారం ఖర్చులను నిర్ణయించే అధికారం న్యాయస్థానానిది. సాధారణంగా ఓడినవారు గెలిచినవారికి ఖర్చులు చెల్లించాలి. అట్లు ఇప్పించనప్పుడు న్యాయమూర్తి కారణాన్ని వ్రాయాలి. అయితే విచారణ లేకుండా ముగిసిన దావాలో ఓడినవారెవరో తెలియదు. అందుచేత అది ఏ విధంగా ముగిసిందన్నదే ముఖ్యమవుతుంది.

మొదటిది విరమణ. వాది న్యాయస్థానం అనుమతి పొందకుండా దావాను విరమించుకొంటే, న్యాయస్థానం విధించిన ఖర్చులను అతడే చెల్లించాలి. అంతేకాదు, అదే విషయంపై అతడు మరల దావా వేయరాదు. ఈ నియమం స్మృతిలోని 23వ ఆర్డరులో ఉన్నది.

రెండవది రాజీ. ఇరువురూ ఒప్పుకొని సంతకాలు చేసిన షరతుల ప్రకారం న్యాయస్థానం డిక్రీ ఇస్తుంది. ఖర్చులు ఎవరివో ఆ షరతులలోనే వ్రాసుకోవచ్చు. ఆ మాట వ్రాసుకోకపోతే సాధారణంగా ఎవరి ఖర్చులు వారే భరించవలసి వస్తుంది. గట్టు తగాదా తీరినా ఖర్చుల తగాదా మిగిలిపోయే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

మూడవది లోక్ అదాలత్. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం, న్యాయస్థానం పంపిన దావా అక్కడ పరిష్కారమైతే చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది. ఆ తీర్పు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. న్యాయస్థానం వెలుపల తమంతట తాము రాజీపడినవారికి కూడా రుసుము వాపసు పొందే హక్కు ఉన్నదని తమిళనాడుకు చెందిన ఒక వ్యాజ్యంలో 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

రుసుము తిరిగి వచ్చినా న్యాయవాదికి ఇచ్చిన సొమ్ము, పోయిన పనిదినాలు తిరిగి రావు. కనుక పేదలకు మరొక మార్గం తెలిసి ఉండాలి. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం గలవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులని పై చట్టమే చెబుతున్నది.

రాజీ మంచిదే. కాని రాజీపత్రంపై సంతకం చేసే ముందు, ఖర్చులు ఎవరివో అందులో స్పష్టంగా వ్రాసి ఉన్నదా అని చదివి చూసుకోవాలి. చదువుకొన్న విద్యార్థులు తమ ఇంటిలోని పెద్దలకు ఈ సంగతి వివరించి చెప్పగలిగితే, ఒక్క వాక్యం లోపించినందువల్ల కలిగే నష్టం తప్పుతుంది.