సంసాధనీస్థాపనమున పౌర్వాపర్యము

సంస్కృతపదములకు ప్రకృతిప్రత్యయవిభాగమును, వాక్యములకు కారకసంబంధమును జూపు "సంసాధనీ" యను సాధనసముదాయము హైదరాబాదు విశ్వవిద్యాలయమందలి సంస్కృతాధ్యయనశాఖలో ఆచార్య అంబా కులకర్ణిగారి నాయకత్వమున రూపొందినది. అంతర్జాలము లేనిచోటను విద్యార్థి దీని నుపయోగింపవలెనన్న తన యింటి కంప్యూటరుననే నెలకొల్పుకొనవలెను. దీని మూలక్రమము లెల్లరకు లభ్యములు. సికింద్రాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరు అంగళ్లలో దొరకు సామాన్యపు డెస్కుటాపు దీనికి చాలును. ఐనను తొలిప్రయత్నముననే విసిగి మానుకొనువారు గలరు. ఇందలి కష్టమంతయు పౌర్వాపర్యమునందే కలదు. అది వైయాకరణులకు క్రొత్త విషయము గాదు.

మొదట ఉబుంటు మొదలగు లినక్సు వ్యవస్థ యుండవలెను. దానిపై పెర్ల్, ఒకామెల్ అను క్రమలేఖనభాషలను, పుటలను జూపుటకు అపాచీ యను సర్వరును, పదరూపములను విశ్లేషించుటకు ఎల్‌టీటూల్‌బాక్సును స్థాపింపవలెను. పిమ్మట ఫ్రాన్సు దేశపు ఇన్రియా సంస్థకు జెందిన జెరార్ హ్యుయేగారు ఒకామెల్ భాషలో రచించిన "జెన్" అను పరికరసంపుటిని, తరువాత వారిదే యగు సంస్కృత హెరిటేజి వేదికను, తుదకు సంసాధనిని నెలకొల్పవలెను. పరమైనది పూర్వమైనదాని నపేక్షించును.

నడుమ నొకటి తప్పినచో యంత్రము దోషపంక్తులను పదులకొలదిగ వెలువరించును. క్రొత్తవారు కడపటి పంక్తిని జూచి చికిత్సకు బూనుదురు. మొదటి పంక్తిని జదువవలెను. తక్కినవి తఱచుగ దాని ఫలములే. "భవతి" యను రూపమును సాధించునపుడు శప్ ప్రత్యయపు శకారమునకు ఇత్సంజ్ఞయు లోపమును జరుగనిచో ఓకారమునకు అచ్చు పరము గాదు, అవాదేశము రాదు. అప్పుడు అవాదేశవిధిని దప్పుపట్టుట వ్యర్థము. ఇత్సంజ్ఞ యేల తప్పెనో వెదకవలెను.

ఒక యుదాహరణము. జెన్‌కు కామ్ల్‌పీ4 అను సాధనము కావలెను. పూర్వ మది ఒకామెల్‌తో గలిసియే వచ్చెడిది. 2014లో వెలువడిన 4.02 కూర్పునుండి వేరుపడినది. ఒకామెల్ నెలకొల్పితినిగదా యని దీనిని విడిచినవానికి జెన్ సిద్ధింపదు. జెన్ లేక హెరిటేజి వేదిక సిద్ధింపదు. అతడు మాత్రము దోషము వేదికయం దున్నదని భ్రమపడును.

స్థాపనము ముగిసిన పిదప బ్రౌజరున "లోకల్‌హోస్టు" అను చిరునామాను దెరచి, ఆ "భవతి" పదముతోనే పరీక్షింపవలెను. భూధాతువు లట్టున ప్రథమపురుషైకవచనము, శత్రంతభవచ్ఛబ్దపు సప్తమి, సర్వనామభవచ్ఛబ్దపు సప్తమి, భవతీశబ్దపు సంబుద్ధి: ఈ నాల్గింటికిని శాస్త్ర మంగీకరించును. యంత్ర మెన్ని చూపెనో సరిచూడవలెను. వానిలో సందర్భోచితమైనదాని నెన్నుకొనుట చదువరి పనియే. ఏదేని చూపనిచో అది స్థాపనదోషమో, కోశమున లేకుండుటయో విచారించుటకు మూల మంతయు మన యెదుటనే యుండును. దూరమందలి యంత్రము నాశ్రయించినవానికి ఈ స్వాతంత్ర్యము లేదు. వ్యాకరణము చదివినవాడు ఇంత శ్రమపడవలసినది ఇందుకొరకే.