గ్రౌండ్‌కి ఒక్కరే వెళ్తున్నారా? వీధిని వెంటబెట్టుకెళ్లండి!

ప్రిలిమ్స్ గట్టెక్కిన కానిస్టేబుల్ అభ్యర్థికి తర్వాత ఎదురయ్యేది ప్రశ్నపత్రం కాదు, ట్రాక్. కరెంట్ అఫైర్స్‌ను ఆఖరి వారంలో తిరగేసి గట్టెక్కొచ్చేమో కానీ, ఊపిరిని అలా బట్టీపట్టలేం. కాళ్లకు నెలల తరబడి అలవాటు కావాలి. ఆ అలవాటు ఒంటరిగా నిలవడం కష్టం. నలుగురితో కలిస్తే నిలుస్తుంది. పైగా ఆ నలుగురూ బాగుపడతారు.

లెక్క ఎంత కచ్చితంగా ఉంటుందో చూడండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాల్లో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు ఇచ్చారు. ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కైతే పురుషులు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. రైల్వే గ్రూప్-డిలో పురుషులు 35 కిలోల బరువుతో 2 నిమిషాల్లో 100 మీటర్లు నడిచి, ఆపై 4 నిమిషాల 15 సెకన్లలో కిలోమీటరు పరుగెత్తాలి. ఒక్క సెకను ఆలస్యమైనా అన్నాళ్ల చదువూ అక్కడే ఆగిపోతుంది.

అయినా చాలామంది ఏం చేస్తారు? రాతపరీక్ష ఫలితాలొచ్చాక బూట్లు కొంటారు. మొదటిరోజే నాలుగు రౌండ్లు కొడతారు. మూడోరోజుకి పిక్కలు పట్టేస్తాయి. వారం తిరిగేసరికి ముంగాలి ఎముక నొప్పితో మంచమెక్కుతారు. ఇందులో తప్పు కాళ్లది కాదు, ఆలస్యానిది.

కుర్చీకి అతుక్కుపోతున్నాం

‘నేను పోలీసు ఉద్యోగానికి వెళ్లడం లేదు కదా, నాకెందుకు’ అంటారా? బ్యాంకు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్... దేనికి సిద్ధమవుతున్నా రోజులో ఎక్కువ భాగం కుర్చీలోనే గడుస్తోంది. అశోక్‌నగర్ స్టడీహాల్లోనైనా, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లోనైనా సీన్ ఒకటే. పొద్దున కూర్చుంటే టీ కోసం లేవడం, మళ్లీ కూర్చోవడం.

ఇది విద్యార్థుల సమస్య మాత్రమే కాదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో 2024లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మంది ఒంటికి చాలినంత పని చెప్పడం లేదు. 2000లో ఇది 22 శాతం దగ్గర ఉంటే, 2022 నాటికి 49 శాతం దాటింది. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. మీ వీధిలో ప్రతి ఇద్దరిలో ఒకరన్నమాట. మీ ఇంట్లో షుగర్ మాత్రలో, బీపీ మాత్రలో వేసుకునే వాళ్లుంటే ఈ అంకెలు మీకు కొత్త కావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది పెద్దదేం కాదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవడం. వాటితోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు. చురుగ్గా అంటే ఎంత? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. అదే కొలత.

చెబితే కదలరు, పిలిస్తే వస్తారు

‘నాన్నా, రోజూ వాకింగ్ చెయ్యి’ అని ఎన్నిసార్లు చెప్పుంటారు? ఆయన ‘సరేలేరా’ అని ఎన్నిసార్లు అనుంటారు? నడక మంచిదని తెలియక ఎవరూ ఆగడం లేదు. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరితో అన్నది తేలక ఆగుతున్నారు. అందుకే ‘రేపు ఐదున్నరకు గేటు దగ్గర ఉంటా, రా నాన్నా’ అన్నది సలహా కంటే బాగా పనిచేస్తుంది.

లండన్‌లోని బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న పాల్ సింటన్-హెవిట్ అనే రన్నర్ ఇలాగే పిలిచారు. వచ్చింది 13 మంది. రూలు సింపుల్: శనివారం పొద్దున, 5 కిలోమీటర్లు, డబ్బు కట్టక్కర్లేదు, పరుగెత్తినా నడిచినా ఫర్వాలేదు. టైం చూడటం, దారి చూపడం అంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే చేస్తారు. ఆ 13 మందితో మొదలైనదే ‘పార్క్‌రన్’ పేరుతో ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ పనిచేసింది జిమ్ కాదు, పరికరాలు కావు. మారని చోటు, మారని సమయం, ‘నువ్వూ రావచ్చు’ అనే పిలుపు.

మీకు ఆ అవకాశం ఇంకా ఎక్కువ. పోటీపరీక్ష కోసం మీరెలాగూ గ్రౌండ్‌కి వెళ్లాలి. వెళ్తూ వెళ్తూ నలుగురి తలుపు తట్టండి, చాలు.

ఇలా మొదలుపెట్టండి

చోటు చూసుకోండి: జడ్పీ హైస్కూల్ గ్రౌండ్, కాలేజీ మైదానం, చెరువుకట్ట ఏదైనా సరే. తెలంగాణ పల్లెల్లో క్రీడా ప్రాంగణాలు, పల్లె ప్రకృతి వనాలు ఉన్నాయి. స్కూల్ గ్రౌండ్ అయితే హెడ్మాస్టర్‌ని ముందే అడగండి. పీఈటీ సార్‌ని కలిస్తే సగం పని అయిపోయినట్టే.

టైం మార్చొద్దు: ఇద్దరే వచ్చినా ఐదున్నర అంటే ఐదున్నరే. ‘ఇవాళ ఎవరూ రారేమో’ అని మీరు ఒక్కరోజు మానేస్తే, వచ్చినవాళ్లు మర్నాడు రారు.

అందరినీ పరుగెత్తించొద్దు: ఉద్యోగార్థులు లోపలి ట్రాక్‌లో పరుగెత్తాలి, పెద్దవాళ్లు బయటి అంచున నడవాలి. మొదలు, ముగింపు మాత్రం అందరికీ కలిపే ఉండాలి. ఐదు నిమిషాల వార్మప్ కలిసి చేయండి. చివర్లో కలిసి కూర్చొని కాళ్లు సాగదీయండి.

మెల్లగా పెంచండి: కొత్తవాళ్లు మొదటి రెండు వారాలు రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు చొప్పున 20 నిమిషాలు చేస్తే చాలు. తర్వాత నడక తగ్గిస్తూ పరుగు పెంచుకోవాలి. వారంలో కనీసం ఒకరోజు పూర్తి విశ్రాంతి ఉండాలి.

రాసుకోండి: నోట్‌బుక్‌లో తేదీ, ఎవరొచ్చారు, ఎన్ని రౌండ్లు, ఎంత టైం అన్నది రాయండి. నెల తిరిగాక ఆ పేజీలు చూస్తే ఎవరు చెప్పక్కర్లేకుండానే హుషారొస్తుంది.

అమ్మాయిలు రావాలంటే...

పైన చెప్పిన 57 శాతాన్ని బద్ధకం అనుకుంటే పొరపాటే. ఇంటిపని మొత్తం నెత్తిన పడితే తెల్లవారుజామున బయటికి రావడం ఎలా? వచ్చినా రోడ్డు మీద చూపులు, కామెంట్లు. చీకట్లో ఒంటరిగా పరుగెత్తాలంటే ఏ అమ్మాయికైనా భయమే. కానిస్టేబుల్ ఉద్యోగానికి చదివే అక్కచెల్లెళ్లు ఎంతోమంది ఇక్కడే వెనకబడుతున్నారు.

జట్టుగా ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి బయల్దేరేలా చూడండి. తల్లులనీ, పిన్నులనీ వాకింగ్‌కి పిలవండి. గ్రౌండ్ అంచున అమ్మ నడుస్తుంటే కూతురు నిశ్చింతగా పరుగెత్తుతుంది. పొద్దున కుదరనివాళ్లకు సాయంత్రం ఒక టైం పెట్టండి. అడగకుండా ఎవరి ఫొటోలూ తీయొద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు. అబ్బాయిలూ, మీ ఇంట్లో పొద్దుటి పని కాస్త మీరు అందుకుంటే అమ్మకు అరగంట దొరుకుతుంది. అది కూడా ఈ ప్రయత్నంలో భాగమే.

కెరియర్‌కి ఏం లాభం?

లాభం ఉంది. ‘మీలో నాయకత్వ లక్షణాలేంటి’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది దగ్గర విశేషణాలే ఉంటాయి. మీ దగ్గర నోట్‌బుక్ ఉంటుంది. ఎంతమందితో మొదలైంది, ఎన్ని వారాలు నడిచింది, మధ్యలో ఎందుకు తగ్గారు, మళ్లీ ఎలా తెచ్చారు... ఇవన్నీ మీరు చేసిన పనులు కాబట్టి తడుముకోకుండా చెప్పగలరు.

ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు ఏడాదికి 120 గంటలు సేవా కార్యక్రమాల్లో పాల్గొనాలి. మీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడి, దత్తత గ్రామంలో దీన్నొక కార్యక్రమంగా చేపట్టొచ్చేమో అడగండి.

నలుగురికి నేర్పడమే నచ్చిందా? అదే వృత్తి చేసుకోవచ్చు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీపీఈడీ, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఈడీ ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రవేశాలు పీఈసెట్ ద్వారానే. దాంట్లో రాతపరీక్ష కాదు, శారీరక సామర్థ్యం, ఆటలో నైపుణ్యమే చూస్తారు. శిక్షకులు కావాలనుకుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్‌లో డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది.

రౌండు లెక్క ఇదీ

400 మీటర్ల ట్రాక్ మీద 1600 మీటర్లంటే నాలుగు రౌండ్లు.
తెలంగాణ పురుషులు: రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. 
తెలంగాణ మహిళలు (800 మీటర్లు, రెండు రౌండ్లు): రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు.
ఏపీ పురుషులు: రౌండుకు 2 నిమిషాలు. 
ఏపీ మహిళలు: రౌండుకు 2 నిమిషాల 37 సెకన్లు.
ఎస్‌ఎస్‌సీ జీడీ పురుషులు: కిలోమీటరుకు 4 నిమిషాల 48 సెకన్లు.
సాధనలో దీనికంటే నాలుగైదు సెకన్లు ముందుండేలా చూసుకోండి. కొత్త నోటిఫికేషన్ రాగానే అందులోని కొలతలు మరోసారి సరిచూసుకోండి.

ఇవి మరవొద్దు

షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగిపోవాలి, ‘ఇంకో రౌండే కదా’ అనొద్దు. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం, ఎవరో చెప్పారని ఇంజెక్షన్లు తీసుకోవడం అస్సలు వద్దు. రోడ్డు మీద పరుగెత్తక తప్పకపోతే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపున వెళ్లండి, లేతరంగు బట్టలు వేసుకోండి. వేసవిలో ఎండ ముదరకముందే ముగించండి.

ఇప్పుడు ఫోన్ తీయండి. ఇద్దరికి ఫోన్ చేయండి, ఒకరు మీలాగే ఉద్యోగానికి చదువుతున్నవాళ్లు, మరొకరు మీ ఇంట్లోవాళ్లో పక్కింటివాళ్లో. చోటు చెప్పండి, టైం చెప్పండి. రేపటికి ముగ్గురైతే చాలు, మొదలైనట్టే.