మన ఫైళ్లకూ ఓ ట్రంకుపెట్టె



హాస్టల్లో చేరిన రోజు మనకు ముందుగా కావలసింది ట్రంకుపెట్టె, దానికో తాళం. ఈ రోజుల్లో మన ఆస్తి కొంత ఫైళ్లలో కూడా ఉంటోంది. టెన్త్ మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పాత ప్రశ్నపత్రాలు, నోట్సు ఫొటోలు. ఇవి ఒకటి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవులో ఉంటాయి. కొన్ని నెట్ సెంటర్ కంప్యూటర్లోనే మిగిలిపోయి ఎవరి కంటబడతాయో తెలియదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. కౌన్సెలింగ్‌కు ఏ కాగితం కావాలో చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో లేనివాడికి ఒక్క కాపీ కనబడకపోతే ఎంత కంగారో మీకు చెప్పనక్కర్లేదు.

ఫైళ్లన్నీ ఒకచోట పెట్టి, తాళం వేసి, ఇంట్లోని ఏ ఫోను, ఏ ల్యాప్‌టాప్ నుంచైనా తెరిచే మార్గం ఉంది. మూలనపడ్డ పాత డెస్క్‌టాప్ చాలు. అందులో ఉచితంగా దొరికే డెబియన్ లినక్స్‌ను బొమ్మల తెర లేకుండా వేసుకుంటే 2 జీబీ ర్యామ్ ఉన్నా సరిపోతుంది. దానిపై 'సాంబా' అనే సాఫ్ట్‌వేర్ నడపాలి. దీనికి సాంబశివుడితోగాని సాంబారుతోగాని సంబంధం లేదు! ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా పరిశోధక విద్యార్థి 1992లో దీన్ని విడుదల చేశాడు. కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాష పేరు ఎస్‌ఎమ్‌బీ. ఆ మూడు అక్షరాలున్న మాట కోసం వెతికితే ఈ పేరు దొరికింది.

ఇక పద్ధతి.

1. రూటర్ సెట్టింగుల్లో ఈ కంప్యూటర్‌కు మారని ఐపీ నంబరు కేటాయించండి. ఉదాహరణకు 192.168.1.10.

2. సాంబా ఇన్‌స్టాల్ చేసి, 'పుస్తకాలు' అని ఒక ఫోల్డర్ తయారుచేయండి.

3. వాడేవారందరికీ ముందు లినక్స్‌లో వేర్వేరు పేర్లు సృష్టించండి. తర్వాత 'smbpasswd' అనే ఆదేశంతో ఒక్కొక్కరికి సాంబా పాస్‌వర్డ్ పెట్టండి. ఇది లినక్స్ పాస్‌వర్డ్ కాదు, వేరే.

4. సాంబా సెట్టింగుల ఫైలు చివర ఆ ఫోల్డర్ వివరం రాయండి. ఎవరు రావచ్చో పేర్లు ఇవ్వండి. అతిథులకు ప్రవేశం వద్దనండి. అందరికీ చదివే హక్కు, ఒకరిద్దరికే మార్చే హక్కు ఇస్తే మిగతావారెవరూ పొరపాటున కూడా ఫైలు చెరపలేరు. ధ్రువపత్రాలకు ఎవరిది వారికే తెరుచుకునే వేరే ఫోల్డర్లు పెట్టండి.

5. 'టెస్ట్‌పార్మ్' ఆదేశంతో తప్పులు చూసుకుని సాంబాను తిరిగి ప్రారంభించండి. విండోస్‌లో అయితే రన్ పెట్టెలో రెండు వెనుక గీతలు, ఆపైన ఐపీ నంబరు కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది.

పాస్‌వర్డ్ సరిగా కొట్టినా ఫోల్డర్ తెరుచుకోలేదా? లినక్స్‌లో ఆ ఫోల్డర్‌పై వారికి అనుమతి లేకపోయి ఉండవచ్చు. వాచ్‌మన్ గేటు తీసినా స్టోరు రూము తాళం వేరే ఉంటుంది కదా! రెండూ తెరుచుకోవాలి.

ఒక హెచ్చరిక. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారినపడ్డాయి. అది దూరింది విండోస్‌లోని ఎస్‌ఎమ్‌బీ పాత వెర్షన్ లోపం గుండానే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. కనుక అప్‌డేట్లు ఆపవద్దు, ఎస్‌ఎమ్‌బీ మొదటి వెర్షన్ వాడవద్దు. రూటర్లో 445 నంబరు పోర్టును బయటి ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవవద్దు.

తాళం వేసినంత మాత్రాన డిస్కు చెడిపోకుండా ఉండదు. నెలకోసారి అన్నిటినీ వేరే డిస్కులోకి కాపీ చేసి, దాన్ని విడిగా దాచండి.

అన్నలారా, మీ ఇళ్లలో పక్కనపెట్టిన కంప్యూటర్ ఉంటే పారేయకండి. మీరు రాసిన పరీక్షల పాత పేపర్లు అందులో చేర్చి ఒక తమ్ముడి చేతికివ్వండి. మనకు దారి చెప్పేవారు లేకపోయినా, మన వెనుక వచ్చేవారికి మనం ఉండాలి.