కారు క్లచ్చి: ఏది కొనవలెను?
కారు క్లచ్చి యరిగినచో ఇంజను రొద హెచ్చును గాని బండి వేగము హెచ్చదు. అప్పుడు పందెపు కార్లకు వాడెడు లోహపు పలకను చూపి, గట్టిదని యెవరైన చెప్పినను కొనకుడు. అది మెల్లగా జారుచు పట్టుకొనదు, ఒక్కసారిగా పట్టును. సంతవీధిలో జనము నడుమ బండి గంతు వేయును. దానికి జతపరచు బలమైన స్ప్రింగు వలన పెడలు త్రొక్కుటయు కష్టమే. బండలాగు గిత్తను పెండ్లిబండికి కట్టుదుమా?

నారయు జిగురును కలిపిన ఒరపిడి పట్టీలు, కుదుపు నాపుటకు నడుమ చిన్న స్ప్రింగులు గల సామాన్యపు పలకయే వీధిబండికి తగినది.

ఇంకొక మాట. గేరుపెట్టెను దింపి యెక్కించు కూలి తక్కువ కాదు. కావున పలకతోపాటు దాని నదిమి పట్టు పళ్లెమును, విడదీయు బేరింగును ఒకేమారు మార్పించుడు. ఇంజను వెనుక నూనె కారుచున్నదేమో ముందే చూపించుడు. నూనె తగిలినచో క్రొత్త పలకయు జారును.