దాణా కొట్టులో బూజు – పాలకు తెచ్చే ముప్పు

“వేరుశనగ చెక్కకు కాస్త బూజు పట్టింది. దులిపి పెడితే గేదె తినదా?” అని వర్షాకాలంలో సభ్యులు అడుగుతూ ఉంటారు. గేదె తింటుంది. కాని బూజు చేసిన విషం పాలలోకి దిగుతుంది. అందుచేత ఈ బూజు ఎలా బ్రతుకుతుందో సభ్యులకు తెలియజేయడం అవసరమని భావిస్తున్నాము.

బూజు ఒక శిలీంద్రం. దానికి నోరు లేదు, కన్ను లేదు. అయినా తన చుట్టూ ఏమున్నదో పసిగట్టగలదు. దారాల వంటి సన్నని పోగులతో చెక్కలోకి చొచ్చుకొనిపోయి, జీర్ణరసాలను బయటికి వదలి, కరిగిన ఆహారాన్ని పీల్చుకొంటుంది. చక్కెర ఎంత ఉన్నదీ, నత్రజని ఏ రూపంలో ఉన్నదీ పోగులలోని కొన్ని మాంసకృత్తులు గుర్తిస్తాయి. తేలికగా అరిగే చక్కెర దొరికితే, కష్టంగా అరిగేవాటికి కావలసిన రసాల తయారీని తగ్గించివేస్తుంది. ఆహారం తగ్గినప్పుడు, గాలి తగిలినప్పుడు సిద్ధబీజాలను పుట్టిస్తుంది. చెక్క మీద కనిపించే ఆకుపచ్చని పొడి అదే.

వెలుతురును కూడా బూజు గుర్తిస్తుంది. ఆస్పర్‌జిల్లస్ నిడ్యులన్స్ అనే బూజులో, చీకటి పడితే వెల్వెట్ అనే మాంసకృత్తి కణ కేంద్రకంలో చేరి, పెరుగుదల తీరును మారుస్తుంది. వేరుశనగకు పట్టే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ దీనికి దగ్గరి చుట్టమే. దానిలో ఈ మాంసకృత్తికి మూలమైన జన్యువును తీసివేస్తే, అఫ్లటాక్సిన్ అనే విషం తయారు కాలేదని 2007లో వెలువడిన పరిశోధన తెలిపింది. అయితే కొట్టులో దీపం పెట్టినంత మాత్రాన విషం ఆగుతుందని తలచరాదు. తేమ, వెచ్చదనం, తిండి ఉంటే బూజు పెరుగుతూనే ఉంటుంది.

ఈ విషం 1960లో ఇంగ్లండులో బయటపడింది. బూజు పట్టిన వేరుశనగ పిండి కలిసిన మేత తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయాయి.

పాడిపశువు తిన్న విషంలో కొంత భాగం కాలేయంలో రూపం మారి, ఒక రోజులోపే పాలలో కనిపిస్తుంది. పాలు కాచినా, పాశ్చరైజ్ చేసినా అది పోదు. ఆ పాలు త్రాగేది మన పిల్లలే. కిలో పాలలో ఇది అర మైక్రోగ్రాముకు మించరాదని మన దేశపు నిబంధన. చెడు దాణా మానివేస్తే కొద్ది రోజులలో పాలు తిరిగి శుభ్రపడతాయి.

కనుక సభ్యులు ఈ జాగ్రత్తలు పాటించాలి:

1. చెక్కను బాగా ఎండిన తరువాతనే నిలువ చేయండి.
2. బస్తాలను నేలమీద గాక చెక్కబల్లల మీద, గోడకు ఎడంగా పేర్చండి.
3. కొట్టు కురవకుండా, గాలి ఆడేటట్లు చూడండి.
4. ముందు కొన్న దాణానే ముందు వాడండి.
5. బూజు పట్టిన చెక్కను దులిపి పెట్టవద్దు, మంచి దాణాలో కలపవద్దు; పాతిపెట్టండి. పోగులు, విషం లోపలే ఉంటాయి.

ఒక బస్తా చెక్క పారవేయడం నష్టమే. కాని ఒక ఇంటి పాలు చెడితే, అవి కలిసిన క్యానులోని అందరి పాలూ చెడినట్లే. మన సంఘం పాల మీద ప్రజలకున్న నమ్మకం మన దాణా కొట్టులోనే మొదలవుతుందని మనవి చేస్తున్నాము.