హామర్ మంచు మీద గాలితో పోటీ

1994 ఫిబ్రవరి 20న నార్వేలోని హామర్ పట్టణంలో యోహాన్ ఊలావ్ కోస్ శీతాకాల ఒలింపిక్స్ 10,000 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ పందేనికి దిగాడు. 400 మీటర్ల మంచు బాట మీద 25 చుట్లు. 13 నిమిషాల 30.55 సెకన్లలో ముగించాడు. మూడేళ్ల కిందట తానే నెలకొల్పిన ప్రపంచ రికార్డు నుంచి ఏకంగా 13 సెకన్లు కోసేశాడు. రెండో స్థానంలో నిలిచిన తోటి నార్వే ఆటగాడు షెల్ స్టూరెలిడ్‌కు మరో 18.70 సెకన్లు పట్టింది. దూరంలో చెప్పాలంటే సగం చుట్టుకు మించిన తేడా. ఆ ఒలింపిక్స్‌లో 5,000, 1,500 మీటర్ల స్వర్ణాలూ అతనివే. మూడూ ప్రపంచ రికార్డులే.

13 సెకన్లంటే కాలంలో ఒకటిన్నర శాతమే కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది అసలు లెక్క. స్కేటర్‌ను వెనక్కి లాగే బలంలో ఐదింట నాలుగు వంతులు గాలిదే, మంచు రాపిడిది మిగిలిన కొద్ది భాగమే. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే గాలి, మంచు మారకపోతే ఆ 13 సెకన్ల కోసం కోస్ దాదాపు 5 శాతం ఎక్కువ శక్తిని 13 నిమిషాలకు పైగా ఆగకుండా పెట్టాలి. గంటకు 44 కిలోమీటర్ల సగటు వేగంతో పోతున్న మనిషికి అది కొండంత భారం.

అందుకే ఆ వంగిన భంగిమ. నడుము నేలకు సమాంతరంగా, మోకాళ్లు బాగా మడిచి, చేతులు వీపు మీద పెట్టుకుని వెళ్తారు. గాలికి ఎదురయ్యే శరీర భాగం తగ్గుతుంది, తొడలు మాత్రం మండిపోతాయి. పైగా మంచు మీద వెనక్కి తన్నితే బ్లేడు జారిపోతుంది, కాబట్టి పక్కకు తన్నాలి. మలుపులో అదే వేగంతో తిరగాలంటే నిట్టనిలువు నుంచి సుమారు 30 డిగ్రీలు లోపలికి ఒరగాలి.

బ్లేడు ఒత్తిడికి మంచు కరిగి జారుతుందని చాలామంది చదువుకున్నాం. ఆ ఒత్తిడి చాలదు. మంచు పైపొరలోని అణువులు గడ్డకట్టే స్థితిలోనూ వదులుగా కదులుతుంటాయి. రాపిడి వేడి కూడా తోడవుతుంది. సున్నాకు దిగువన 7 డిగ్రీల దగ్గర జారుడు బాగా కుదురుతుంది.

కోస్ దారి నున్నగా సాగలేదు. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌కు ముందు క్లోమం వాచి ఆసుపత్రి పాలయ్యాడు. 5,000 మీటర్లలో పతకం రాలేదు. కొద్ది రోజుల్లోనే 1,500లో 0.04 సెకన్ల తేడాతో స్వర్ణం, 10,000లో రజతం గెలిచాడు. హామర్‌లో 1,500 మీటర్ల గెలుపుకు వచ్చిన బహుమతి సొమ్మును యుద్ధాల్లో నలిగిన పిల్లల కోసం ఒలింపిక్ ఎయిడ్‌కు ఇచ్చేశాడు. ఆ ప్రయత్నమే తర్వాత రైట్ టు ప్లే సంస్థ అయింది. నాకు ఆ మూడు స్వర్ణాలకంటే ఇదే పెద్ద పని.

ఎండలు 40 డిగ్రీలు దాటే సోలాపూర్‌లో, భవాని పేట్ మరమగ్గాల చప్పుడు మధ్య బతికే మనకు ఈ ఆట దూరమనిపించవచ్చు. కానీ స్కేటర్ ఒంటి మీది బట్ట సంగతి మన ఇంటి సంగతే. తువ్వాలు నేసేటప్పుడు ఒక పడుగు బిగువుగా, రెండోది వదులుగా ఉంటుంది. మూడు పేకలు పడ్డాక కలిపి కొడితే వదులు పడుగు ఉంగరాలై పైకి లేస్తుంది. బిగువు కాస్త మారితే బట్ట గరుకు మారుతుందని ఇక్కడి కార్మికుడి వేళ్లకు తెలుసు. స్కేటింగ్ సూట్లూ అల్లిక గరుకు మీదే ఆధారపడతాయి. పూర్తి నునుపు మంచిదనుకుంటాం కానీ, సన్నగా ఉండే చేతుల చుట్టూ, పిక్కల చుట్టూ గాలి తొందరగా విడిపోయి వెనక పెద్ద సుడి మిగులుతుంది. అది వెనక్కి లాగుతుంది. అక్కడ తగినంత గరుకు బట్ట వేస్తే గాలి చిన్న చిన్న సుడులుగా మారి ఒంటిని మరికొంతసేపు అంటిపెట్టుకుంటుంది, లాగుడు తగ్గుతుంది. తువ్వాలంత గరుకైతే మళ్లీ నష్టమే. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌కు నైకీ చేసిన సూట్లలో ఒక్కో అవయవానికి ఒక్కో రకం బట్ట వాడింది ఇందుకే.

2018లో నార్వే జట్టు తన ఎర్ర సూట్లు వదిలి నీలం తొడిగింది, నీలం వేగమన్న నమ్మకంతో. ఆ ఏడాది ఆ జట్టు ఆటగాడు హోవార్డ్ లొరెంట్‌జెన్ 500 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు కూడా. అయినా రంగు వల్లే వేగం వచ్చిందనడానికి రుజువు లేదు. రుజువున్నది అల్లికకు, కుట్టుకు, బిగువుకు.

మన పిల్లల్లో టెక్స్‌టైల్ చదువుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చద్దర్లు, తువ్వాళ్లతో ఆగిపోకుండా, గాలి సొరంగంలో బట్టను పరీక్షించే ఈ విద్య వైపు కూడా చూడండి. పడుగు, పేకల జ్ఞానం మీకు ఇంట్లోనే దొరుకుతుంది, దానికి కాస్త భౌతికశాస్త్రం జోడించండి.